సున్నం కొట్టిన ఆనకట్ట

మొన్న ఆదివారం మనవరాళ్లు పోరు పెడితే వాళ్లని మా ఊరి ఆనకట్టకి తీసుకెళ్లాను. బెజవాడ నుంచి బయల్దేరి కీసర, నందిగామ దాటి, జగ్గయ్యపేట ఇంకా రాకముందే హైవే దిగి లోపలికి పోవాలి. ఒకప్పుడు ఎడ్లబండి కూడా ఆయాసపడే ఆ దారి ఇప్పుడు నున్నటి తారు రోడ్డు. ఆనకట్ట దగ్గర కాలితో తొక్కే పడవలు, నారింజ రంగు లైఫ్ జాకెట్లు, తాడు పట్టుకుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జారే ఆట, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండ్లు. పెద్ద మనవరాలు కారు దిగకముందే ఫోన్ తీసింది.

"అమ్మమ్మా, ఇక్కడ సేఫ్టీకి మూడున్నర స్టార్లే ఇచ్చారు. ఒకాయనైతే ఒక్కటే ఇచ్చాడు."

"ఎందుకంట?"

"కారు పెట్టుకునే చోట నీడ లేదంట."

నాకు నవ్వాగలేదు. ఇదే గోడకి మంచి మార్కులు వేయించాలని ఒక ఏడు మా ఊరు ఊరంతా కలిసి చేసిన ఘనకార్యం గుర్తొచ్చింది. పిల్లలు పడవ తొక్కుతుంటే నేను గట్టు మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. పొత్తులమ్మే అమ్మాయి నన్ను అదోరకంగా చూసింది.

మా చిన్నతనంలో మా ఊళ్లో సినిమా హాలు లేదు, పార్కు లేదు. షికారంటే ఆ ఆనకట్టే. వాగుకి అడ్డంగా రాళ్లు పేర్చి గచ్చుతో కట్టిన గోడ, రెండు నిలువుల ఎత్తు ఉంటుందేమో. వానాకాలంలో నీళ్లు గోడ మీంచి దూకేవి. వానలు వెనకపట్టాక గోడ వెనక తేటగా, నిండుగా నిలబడేవి. ఆ నెలల్లో ఆదివారం వచ్చిందంటే జగ్గయ్యపేట నుంచి, నందిగామ నుంచి కూడా జనం సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. లారీ ట్యూబుల్లో గాలి కొట్టి తేలేవాళ్లు, గాలాలు వేసేవాళ్లు, ఊరికే కాళ్లు నీళ్లలో పెట్టుకుని బఠాణీలు నమిలేవాళ్లు. గట్టంతా పాచి వాసన, తడిసిన రాతి వాసన, ఎవరో కాలుస్తున్న చేపల వాసన. మేం పక్కనున్న గుట్టెక్కి సీతాఫలాలు కోసుకొచ్చి, మగ్గడానికి ఇసకలో పాతిపెట్టేవాళ్లం. మగ్గేలోపే ఎవరో తవ్వుకు తినేవాళ్లు. ఆ ఎవరో నేనేనని మా అన్నయ్య ఇప్పటికీ అంటాడు గానీ రుజువు చేయలేకపోయాడు.

ఆ నీళ్లకి మా పిల్లలవి మా సొంత గ్రేడులుండేవి. మెట్ల దగ్గర మోకాలి లోతు వరకూ 'అమ్మ తిట్టే చోటు'. నడుం లోతు దాటితే 'అమ్మ కొట్టే చోటు'. పొలాలకి నీళ్లు వదిలే తూము దగ్గర సుడి తిరిగే చోటు 'నాన్న కొట్టే చోటు'. నాన్న బడిపంతులు, ఆయన చెయ్యి బెత్తానికి అలవాటు పడ్డది కాబట్టి ఆ మూడో చోటికి ఎవ్వరూ వెళ్లేవాళ్లు కాదు. ఆఫీసర్లు పాతే ఏ బోర్డూ ఇంతమంది పిల్లల్ని కాపాడి ఉండదని నా గట్టి నమ్మకం.

ఊరంతా ఇలా నీళ్లలో పడి దొర్లుతుంటే నీళ్లంటే గిట్టని మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ మా మామ్మ, నాన్న వాళ్లమ్మ. చిన్నప్పుడు పుట్టింటి ఊళ్లో చెరువుకట్ట తెగి, మేకల్ని తోలుకొస్తున్న ఆవిడని నీళ్లు ఎత్తుకుపోయాయట. తుమ్మచెట్టు కొమ్మ దొరికితే పట్టుకుని పొద్దెక్కేదాకా వేలాడిందట. చేతుల మీద ముళ్లు దిగిన మచ్చలు చూపించి ఆ కథ మాకు చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా కొట్టుకుపోయిన మేకలు పెరిగేవి. ఆ తర్వాత ఆవిడ ఏనాడూ చెరువులో గానీ వాగులో గానీ కాలు పెట్టలేదు. చెంబూ, బకెట్టూ, అంతే.

దానివల్ల ఆవిడకి ఒక పెద్ద లోటు ఉండిపోయింది. మా సంఘంలో నీళ్లలో పూర్తిగా ముంచి ఇచ్చేదే బాప్తిస్మం. అది తీసుకోనివాళ్లు బల్లలో చేయి వేయకూడదు. బల్ల అంటే ప్రభు భోజనం, నెలకోసారి గుళ్లో అందరికీ రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇస్తారు. కూలికెళ్లి ఒళ్లు హూనమైన రోజైనా, జ్వరంతో మూలిగే రోజైనా మామ్మ ప్రార్థన మానలేదు. బల్ల నాడు మాత్రం రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చేసరికి కొంగు నెత్తి మీదికి లాక్కుని తల దించుకునేది. పళ్లెం ఆవిడని దాటి పోయేది. పక్కన కూర్చున్న నాకు ఏడుపొచ్చేది. ఊళ్లో అందరికంటే భక్తి గల మనిషికి ముద్ద పెట్టని భోజనం ఏం భోజనమని కోపం కూడా వచ్చేది.

ఆ ఏడు కార్తీకంలో మా అయ్యగారికి బదిలీ అయింది. అయ్యగారంటే మా పాస్టరుగారు. పొట్టిగా, బొద్దుగా ఉండి, నవ్వితే దగ్గు, దగ్గితే నవ్వు వచ్చే మనిషి. తాతయ్య మంచం పట్టిన రోజుల్లో సాయంత్రం సాయంత్రం వచ్చి పక్కన కూర్చునేవారు. అందుకని మామ్మకి ఆయనంటే ప్రాణం. జి.కొండూరు వైపు వేశారని, వచ్చే ఆదివారమే ఇక్కడ ఆఖరి ఆరాధన అని చెప్పడానికి మా ఇంటికి వచ్చారు.

"వందనాలు అయ్యగారూ. అయితే ఎల్లిపోతన్నారన్నమాట," అంది మామ్మ, ఆయనకి మజ్జిగ గ్లాసు అందిస్తూ.

"తప్పదు కదమ్మా. అందరికీ ఇచ్చా గానీ, నీ ఒక్కదాని బాప్తిస్మమే మిగిలిపోయింది. అదే నా బాధ."

మామ్మ గడప మీద కూర్చుని చాలాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత తల ఎత్తింది. "ఇస్తే మీరే ఇయ్యాల. కొత్తగా వచ్చే ఆయన చేతుల్లో నేను దిగను. కానీ ఆ గోడ గట్టిదేనని ఎవరన్నా తెలిసినోళ్లు చూసి చెప్పాల. నేను నీళ్లలో ఉండగా అది తెగిందనుకోండి, ఈసారి పట్టుకోడానికి తుమ్మచెట్టు కూడా లేదక్కడ."

ఎవరం నవ్వలేదు. నాన్న మాత్రం గభాల్న లేచాడు. "అమ్మా, శుక్రవారం నందిగామ నుంచి ఓవర్సీరుగారు వస్తున్నారు. ఏటా వానలు తగ్గాక ఆనకట్ట చూసి గ్రేడు రాసిపోతారు. మంచిది, ఫర్వాలేదు, ప్రమాదం, ఈ మూడిట్లో ఒకటి. ఆయన 'మంచిది' అని రాస్తే దిగుతావా?"

"రాస్తే దిగుతా," అంది మామ్మ.

ఊళ్లో ఈ కబురు పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ఆదివారమే హిందువుల ఇళ్ల వాళ్లకి అదే గట్టు మీద ఉసిరిచెట్టు కింద వనభోజనాలు. ఆ సందడికంతా పెద్ద మా ఎదురింటి పిన్ని. ఆవిడది కిరాణా కొట్టు. 'ప్రమాదం' అని రాశారంటే గట్టుకి తాడు కట్టి ఎవర్నీ అటు రానివ్వరు. బాప్తిస్మమూ ఉండదు, వనభోజనాలూ ఉండవు. కాబట్టి ఓవర్సీరు మనసు గెలవడం రెండు వైపుల వాళ్లకీ అవసరమే.

అప్పుడొచ్చింది మా నాన్నకి ఆ మహత్తరమైన ఆలోచన. బడికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే ముందురోజు ఏం చేస్తారు? గోడలకి సున్నం కొట్టిస్తారు. ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అలాగే చేస్తున్నాడు, ప్రతిసారీ 'బాగుంది' అనే రాసిపోయారు. బడి గోడకి పనికొచ్చింది ఆనకట్ట గోడకి పనికిరాదా? ఊళ్లో ఒక్కరంటే ఒక్కరికి కూడా ఇందులో తప్పు కనపడలేదు. పైగా ఇంత సులువైన సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదేమా అని ఆశ్చర్యపోయారు.

మా పేట వైపు సున్నపురాయికి కొదవ లేదు. బట్టీ నుంచి బండెడు సున్నం దిగింది. గుంట తవ్వి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికి, ఘాటైన ఆవిరి గట్టంతా కమ్మింది. ఆ వాసన ఇప్పుడు తలుచుకున్నా నా ముక్కు చురుక్కుమంటుంది. తెలుపు మెరవడానికి పిన్ని కొట్లోంచి నీలిమందు ఇచ్చింది. సున్నం చేతికి అంటకుండా ఉండాలని నాన్న దగ్గరుండి తుమ్మజిగురు కలిపించాడు. మగవాళ్లు నిచ్చెనలేసుకుని పైభాగం, ఆడవాళ్లు కిందిభాగం, మేం పిల్లలం ఒకరి మొహాలు ఒకరికి. సాయంత్రానికి గోడ పెళ్లికూతురిలా తయారైంది. దాని మీద పిన్ని ఎర్రమట్టితో అంచు కూడా దిద్దించింది. నాన్న వెనక్కి నడిచి చూసి, ఇంకా వెనక్కి నడిచి చూసి, తుంగలో పడ్డాడు.

శుక్రవారం పొద్దున్నే ఓవర్సీరుగారు మోటారుసైకిల్ మీద వచ్చారు. సన్నగా, చేతిలో గొడుగు, కళ్లజోడు. మేమంతా వరసగా నిలబడి బడిలో చెప్పినట్టే "గుడ్ మార్నింగ్ సార్" అని రాగం తీశాం. ఆయన బండి దిగి, గోడ వైపు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఇదేంటండీ?"

"ఆనకట్టండి," అన్నాడు నాన్న.

"అది తెలుసండీ. ఈ తెలుపేంటి?"

"తమరు వస్తున్నారని..." నాన్న గొంతులో గర్వం ఇంకా తగ్గలేదు.

ఓవర్సీరుగారు గొడుగుకి ఆనుకుని నిలబడ్డారు. "మాస్టారూ, పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా ఒళ్లంతా పౌడరు పూస్తే, దద్దుర్లు ఎక్కడున్నాయో ఆయనకి ఎట్లా కనపడతాయండీ? పగులెక్కడ, చెమ్మెక్కడ అని చూడ్డానికేగా నేనొచ్చింది!"

కొబ్బరిబోండాం పట్టుకుని నిలబడ్డ పిన్ని మెల్లగా అంది, "పోనీ పైపైన చూసి రాసెయ్యండి బాబూ. లోపల బానే ఉంటది."

"చూసిందే రాస్తానండి. చూడంది రాయను," అన్నారాయన. బోండాం మాత్రం తాగారు. "రేపు సాయంత్రం పేట నుంచి తిరిగొస్తా ఇటు దిగుతా. రాయి కనపడితే గ్రేడు రాస్తా. కనపడకపోతే 'ప్రమాదం' అని రాసి తాడు కట్టిస్తా. ఆ తర్వాత మీ ఇష్టం."

మోటారుసైకిల్ వెళ్లిపోయింది. అందరూ నాన్న వైపు చూశారు. బడిలో పిల్లల్ని చూసే చూపు ఆయనదే, ఆ రోజు ఊరంతా కలిసి దాన్ని ఆయనకి తిప్పి ఇచ్చింది. ఇక గీకాలి, అంతే. కానీ తుమ్మజిగురు కలిపిన సున్నం ఊడుతుందా? ఊడకూడదనే కదా కలిపింది!

శనివారం తెల్లవారేసరికి ఊరు ఊరంతా గోడ దగ్గరుంది. కొబ్బరి పీచు, ఇటుక ముక్కలు, కొడవళ్లు, అట్లకాడలు, ఏది దొరికితే అది. నీళ్లు కొట్టి నానబెట్టడం, గీకడం. సున్నం పొడి కళ్లలో పడి ఏడుస్తూ, ఒకరినొకరు చూసుకుని నవ్వుతూ గీకాం. "మాస్టారూ, ఈ జిగురు మీ పిల్లల బుర్రలకి పూసుంటే ఎక్కాలు వచ్చేయండీ," అని పిన్ని పైనుంచి అరిచింది. నాన్న ఏమీ వినపడనట్టు మరింత గట్టిగా గీకాడు.

పొద్దు బారెడెక్కాక గట్టు దిగి ఎవరో మెల్లగా రావడం చూశాను. చూస్తే మామ్మ. ఆనకట్ట ఛాయలకి ఎన్నడూ రాని మామ్మ. చేతిలో కుండలు తోమే ఇటుక ముక్క. ఎవరితోనూ మాట్లాడకుండా గోడ ముందు నిలబడి, అంత ఎత్తు గోడని కింది నుంచి పైదాకా చూసింది. దాని వెనక నీళ్లున్నాయని ఆవిడకి తెలుసు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఇంటికెళ్లు మామ్మా, మేం గీకుతాంలే."

"ఊరుకోవే. నేను దిగాల్సిన నీళ్లకి గోడ నేను చూసుకోవద్దా?" అని మొదలుపెట్టింది.

మధ్యాహ్నం పచ్చడి మెతుకులు గోడ నీడలోనే తిన్నాం. తిన్నాక మళ్లీ పని. నడుం ఎత్తున, రెండు రాళ్ల సందు దగ్గర మామ్మ చెయ్యి ఆగింది. సున్నం ఊడిన చోట సన్నటి చుక్క ఊరి, జారి, మళ్లీ ఊరుతోంది.

"కారతంది," అంది మామ్మ.

అందరూ చేరారు. పిన్ని వంగి చూసి, "కాస్త సున్నం మెత్తితే..." అనబోయింది.

"మళ్లీనా!" అని నాన్న కేకేశాడు.

"ఏం మెత్తొద్దు. ఆయన చూడాల," అంది మామ్మ. అక్కడే, ఆ చుక్క ఎదురుగా చతికిలబడి కూర్చుంది. కదల్లేదు. సాయంత్రం దాకా ఆవిడ ఆ చెమ్మని చూస్తూనే ఉంది, నేను ఆవిడని చూస్తూనే ఉన్నాను. రేపు బల్లలో పళ్లెం మళ్లీ ఆవిడని దాటి పోతుందనే నాకు అనిపించింది.

ఓవర్సీరుగారు చెప్పిన మాట ప్రకారం వచ్చారు. గోడ చివర నుంచి చివరకి నడిచారు, గొడుగు కొనతో రాళ్లని తట్టి చూశారు. చెమ్మ దగ్గరికొచ్చి అరచెయ్యి పట్టి, ఊరిన నీళ్లు వెలుతురుకి ఎత్తి చూశారు. "తేటగా ఉన్నాయి. మట్టి కొట్టుకొస్తేనే భయపడాల. పాత గోడకి ఈమాత్రం చెమ్మ మామూలే. సందులు పూడ్పిస్తాలెండి," అని జేబులోంచి కలం తీశారు.

"ఏం రాస్తన్నావు బాబూ?" అంది మామ్మ.

"ఫర్వాలేదు అనండి."

"మంచిది అని రాయవా?"

ఆయన ఆవిడ మొహంలోకి చూశారు. నాన్న గబగబా సంగతంతా చెప్పాడు. చెరువుకట్ట, తుమ్మచెట్టు, బాప్తిస్మం, బదిలీ. ఓవర్సీరుగారు మామ్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. "మామ్మగారూ, నేను తిరిగే ఊళ్లలో ఏ గోడకీ ఇంతవరకు 'మంచిది' అని రాయలేదండి. అట్లా రాస్తే ఇక దాని మొహం ఎవరూ చూడరు. 'ఫర్వాలేదు' అంటే దిగొచ్చు, కానీ ఏటా వచ్చి చూసుకోవాల. మా అమ్మే అయినా ఇందులో దిగమనే చెప్తా."

మామ్మ గోడ పట్టుకుని లేచింది.

"సరే. నేను మాత్రం ఏమంత మంచిదాన్ననీ. అయ్యగారు నన్ను రమ్మనట్లా? దిగుతా."

నాన్న అందరి ముందూ ఏడ్చేశాడు. సున్నం పొడి పడిందన్నాడు గానీ ఎవరూ నమ్మలేదు.

ఆదివారం గట్టు మీద రెండు పొయ్యిల వరసలు. ఉసిరిచెట్టు వైపు పులిహోర, గుమ్మడికాయ పులుసు, పాయసం. మా వైపు కోడి కూర, బగారా అన్నం. కార్తీకంలో నీచు వాసన తమ వైపు రాకుండా గాలి తిప్పమని ప్రార్థన చేయండని పిన్ని అయ్యగారికి చెప్పింది. ఆయన నవ్వి, దగ్గి, చేస్తానన్నారు. గాలి తిరగలేదు.

మామ్మ తెల్లచీర కట్టుకుని మెట్ల దగ్గరికొచ్చింది. ఒక్కో మెట్టుకీ ఆగి, నా భుజం నొక్కి, ఇంకో మెట్టు దిగింది. అయ్యగారు నడుం లోతులో నిలబడి చేతులు చాపారు. పాట పాడేవాళ్లు మూడు సార్లు మొదలుపెట్టి మూడు సార్లు ఆపారు. తీరా ఆయన చేతికి అందాక, ముంచబోయేసరికి మామ్మ ఆయన మెడని రెండు చేతులా కావలించుకుంది. తుమ్మచెట్టుని పట్టుకున్న చేతులవి, మామూలు పట్టా! ఇద్దరూ కలిసి బుడుంగున మునిగారు. అయ్యగారి కళ్లజోడు నీళ్లపాలైంది. ముందు మామ్మ లేచింది, ఆవిడ పట్టుకుని లేపితే అయ్యగారు లేచారు. "మన అయ్యగారికి రెండోసారి అయింది," అని ఎవరో అంటే రెండు పొయ్యిల దగ్గర్నుంచీ నవ్వులు.

బల్ల కూడా ఆ రోజు గట్టు మీదే. రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చింది. తడిచీరతో వణుకుతూ కూర్చున్న మామ్మ కొంగు నెత్తి మీదికి లాక్కోలేదు. ముక్క తీసుకుని నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలింది. నిశ్శబ్దంగా ఉన్న గట్టంతా వినపడేలా నా చెవిలో అంది, "ఉప్పెయ్యలేదేంటే?" అయ్యగారు ప్రార్థన మధ్యలో ఆపి దగ్గడం మొదలుపెట్టారు. మామ్మ చెంపల మీంచి కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. నేనూ ఏడ్చాను, ఎందుకో తెలియకుండానే బోలెడంత సంతోషంగా ఏడ్చాను.

భోజనాలయ్యాక పులిహోర మా వైపుకీ, దొంగచాటుగా కోడి కూర కొందరి ద్వారా అటు వైపుకీ వెళ్లాయి. జనం మెల్లగా సర్దుకుంటుంటే మామ్మ కనపడలేదు. నాన్న కంగారుగా వెతికాడు. ఆవిడ నీళ్లలో ఉంది. ఒక్కతే, మళ్లీ దిగి, నడుం లోతులో మెట్టు రాయి పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, ఇక రా. చలేస్తది, పొద్దు వాలిపోతంది."

"వస్తా పోరా. ఇన్నేళ్లూ మీరంతా ఆడుకున్నారుగా. ఇయ్యాల నన్ను ఆడుకోనియ్యి."

నాన్న చెప్పులు విడిచి పై మెట్టు మీద కూర్చున్నాడు. నేను పరికిణీ దోపుకుని ఆవిడ దగ్గరికి దిగాను. పాపం, ఆడాలని ఉంది గానీ నీళ్లలో ఎలా ఆడతారో ఆవిడకి తెలియదు. అరచేతులతో నీళ్లని ఎలా కొట్టాలో, దోసిట పట్టి ఎదుటివాళ్ల మొహాన ఎలా చల్లాలో నేనే నేర్పాను. రెండోసారికే నాకంటే బాగా చల్లింది. ముక్కులోకి నీళ్లు పోయి నేను ఉక్కిరిబిక్కిరవుతుంటే పకపకా నవ్వింది. అంతకు ముందు నేను ఎరిగిన మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ సాయంత్రం ఆవిడ రెండు చేతులూ నీళ్లలోనే ఉన్నాయి.

ఇప్పుడు నాది దాదాపు ఆనాటి మామ్మ వయసు. చిన్నపిల్ల నవ్వు ఈ వయసులో కూడా నవ్వొచ్చని నాకు తెలిసింది ఆవిడ వల్లే.